లెన్సు మీద మూడో చెయ్యి

లంజిపల్లి, బరంపురం
18 జూన్ 2024

పూర్ణచంద్ర బావకి,

నా దస్తూరీ చూసి ఉలిక్కిపడి ఉంటావు. నాన్న పోయిన పదోరోజున, ఇంట్లో చుట్టాలు భోజనాలకి కూర్చున్న సమయంలో, నువ్వు ఆయన నెగెటివ్‌ల ట్రంకు పెట్టె ఆటోలో వేసుకుని వెళ్ళిపోయావు. ఆ సాయంత్రమే అమ్మ ముందు ఒట్టు పెట్టుకున్నాను, జన్మలో నీతో మాట్లాడనని. పదమూడేళ్ళయింది, ఒట్టు తప్పలేదు. మాట్లాడనన్నానే గాని రాయనని అనలేదు. క్షేమ సమాచారాలు అడగను, చెప్పను.

నిన్న గేట్ బజార్‌లో మన పాత బట్టల కొట్టు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క ఒడియాలో, ఒక పక్క తెలుగులో. ‘తెర వెనుక మనుషులు. సినిమా షూటింగుల అరుదైన ఫోటోల ప్రదర్శన, డిసెంబరులో. ఛాయాచిత్రాలు: శ్రీ పూర్ణచంద్ర.’ కింద మార్కండి ఊరి తీరాన తీసిన షూటింగు ఫోటో వేశారు. సముద్రంలో రెండు పడవలు కలిపి కట్టిన బల్ల, దాని మీద కెమెరా, కెమెరామాన్, చుట్టూ పడవల్ని పట్టుకున్న జాలర్లు. ఎండలో చాలాసేపు నిలబడి చూశాను. మామిడిపళ్ళ బండివాడు నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని స్టూలు వేశాడు.

ఆ ఫోటో తీసింది మా నాన్న భీమేశ్వరరావు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. మద్రాసు నుంచి గాని కటక్ నుంచి గాని గంజాం తీరానికి ఏ యూనిట్ వచ్చినా స్టిల్స్‌కి ఆయన్నే పిలిచేవారు. పోస్టర్లకి కావలసిన బొమ్మలు వాళ్ళకి ఇచ్చేసేవాడు. తన కోసం తీసుకున్నవి వర్కింగ్ స్టిల్స్. లైట్లు మోసేవాళ్ళు, ట్రాలీ తోసేవాళ్ళు, ఒక చేత్తో ఇడ్లీ తింటూ ఇంకో చేత్తో సీను రాసుకునే డైరెక్టరు. "సినిమా అందరూ చూస్తారే, తీసేవాళ్ళని ఎవడు చూస్తాడు?" అనేవాడు. నువ్వు అదే యూనిట్‌లలో ఫోకస్ అసిస్టెంటువి. కెమెరా నుంచి నటుల మొహం దాకా టేపు పెట్టి కొలిచి, దూరం మారినప్పుడల్లా లెన్సు తిప్పడం నీ పని. ఆ పని కూడా నీకు ఇప్పించింది ఆయనే.

అన్ని వందల ఫోటోల్లో నాన్న ఎక్కడా లేడు. తీసేవాడు ఫోటోలో ఉండడు కదా. ఆయనకి మిగిలింది ఒక్క పేరే. అదీ నువ్వు ఒలిచేసుకున్నావు.

కొట్టులో తాతయ్య పెట్టిన నియమం గుర్తుందా? పట్టుచీర మడతలో నేసినవాడి పేరు రాసిన చీటీ ఉండాలి. చీటీ లేని చీర అమ్మనిచ్చేవాడు కాదు. నాన్న నెగెటివ్ కవర్ల మీద కూడా తేదీ, చోటు, తీసినవాడి పేరు పెన్సిల్‌తో రాసేవాడు. ఆ కవర్లు ఏం చేశావు?

డిసెంబరు దాకా టైముంది. పేరు మార్పించు. మార్పించకపోతే ఏం చేస్తానో నాకే ఇంకా తెలియదు. చేయడం మాత్రం ఖాయం.

వాసవీకుమారి


గోపాల్‌పూర్
2 జూలై 2024

చిరంజీవి వాసవికి బావ ఆశీస్సులు.

ఉత్తరం రాసి మంచి పని చేశావు. ఫోన్ చేసినా నాకు సగమే వినిపిస్తుంది. నలభై ఏళ్ళు జనరేటర్ పక్కన నిలబడ్డ చెవులు ఇవి. కోపంలో నువ్వు అచ్చం అత్తయ్యవే. చదువుతుంటే ఆవిడే పమిట దోపుకుని గుమ్మంలో నిలబడినట్టుంది.

నీ దగ్గర దాపరికం దేనికి? తీసింది మావయ్యే. కాదని నీతో అనను. కానీ మావయ్య పేరు పెడితే ఎవరొస్తారు చెప్పు? శాలువా కప్పాలంటే భుజాలు ఉండాలి. బతికి ఉన్నవాణ్ణి నేను. ఈ ప్రదర్శన పెడుతున్న సంఘం కార్యదర్శి ధర్మలింగం వచ్చి, ఇంట్లో ప్రింట్లు చూసి, "ఇవన్నీ మీరు తీసినవేనా?" అన్నాడు. ఔననేశాను. ఒక్క మాట. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరలేదు. ఎన్ని సినిమాలు చేశానో లెక్క లేదు, ఒక్కదాని టైటిల్స్‌లోనూ నా పేరు పడలేదమ్మా. ఒక్కసారి పడనీ.

ట్రంకు గురించి అడిగావు. నేను దాన్ని నిర్లక్ష్యం చెయ్యలేదు. ప్రతి రోలుకీ ప్లాస్టిక్ కవరు తొడిగి, నాఫ్తలిన్ ఉండలు వేసి, గాలి చొరకుండా మూత బిగించాను. సముద్రం మా ఇంటికి రెండు వీధుల దూరం. నాలుగేళ్ళ క్రితం తెరిస్తే ముక్కు పగిలే పులుపు వాసన. ఫిల్ములన్నీ అప్పడాల్లా ముడుచుకుపోయాయి. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పారేశాను. మార్కండి రోలు కూడా వాటితోనే పోయి ఉంటుంది. మావయ్య వేసి పెట్టిన ప్రింట్లు మాత్రం మిగిలాయి, వాటితోనే ఈ ప్రదర్శన.

మీ ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బా ఉండాలి. మావయ్య కొన్ని రోళ్ళు బియ్యంలో పూడ్చి దాచేవాడు. దాన్ని పంపావంటే పుస్తకం కూడా వేస్తానంటున్నాడు ధర్మలింగం. ముందుమాటలో మావయ్యకి నమస్కారం పెడతాను.

పూర్ణచంద్ర


లంజిపల్లి
9 జూలై 2024

బావా,

పారేశాను. ఎంత తేలిగ్గా రాశావు ఆ మాట!

వానాకాలం పోగానే నాన్న రోళ్ళన్నీ వసారాలో నీడన, తాడు మీద క్లిప్పులు పెట్టి వేలాడదీసేవాడు. మేం పిల్లలం వాటికి తల తగలకుండా వంగి నడిచేవాళ్ళం. పాత కవర్లు తీసి కొత్త కాగితం కవర్లు వేసేవాడు. ప్లాస్టిక్ దగ్గరకి రానిచ్చేవాడు కాదు. ఫిల్ముకి ఊపిరాడాలి అనేవాడు. ఆ కాగితం కవర్లకి మైదా రాసి అతికించింది నువ్వే, మా వసారాలో కూర్చుని, అమ్మ వేసిన పకోడీలు తింటూ. తెలియక చేశానని అనకు. బద్ధకించావు.

ఆయన ముప్పై ఏళ్ళు చూసినదంతా ఊపిరాడకుండా చంపేసి, మిగిలిన ప్రింట్ల మీద నీ పేరు వేసుకుని, ముందుమాటలో నమస్కారం పెడతావా?

డబ్బా ఇవ్వను. నీ చేతులు పడిపోను.

వాసవి


లంజిపల్లి
3 సెప్టెంబరు 2024

బావకి నమస్కారాలు.

ఆ ఉత్తరం కోపంలో రాశాను. మనసులో పెట్టుకోకు. మా అమ్మాయి కీర్తి భువనేశ్వర్‌లో పాత కాగితాలు, ఫోటోలు బాగుచేసే చోట పని చేస్తోంది కదా. సెలవు పెట్టి వచ్చి నన్ను చీవాట్లు పెట్టింది. "పోయినవాటి కోసం తర్వాత తిట్టుకుందువు గాని, ముందు ఉన్నవాటిని చూసుకో అమ్మా" అంది.

డబ్బా తెరిచాం. బియ్యం పురుగు పట్టిపోయింది గాని, అడుగున కాగితం కవర్లు, వాటిలో నెగెటివ్‌లు చెక్కుచెదరలేదు. రెండింటికి మాత్రం ఆ పులుపు వాసన మొదలైంది. వాటిని వేరే గదిలో పెట్టింది. ఒకటి చెడితే పక్కవాటిని కూడా చెడగొడుతుందట. చేతికి తొడుగులు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో ఒక్కొక్కటే దులిపి స్కాన్ చేస్తోంది. మార్కండి రోలు కోసం ఆశగా వెతికాను, లేదు. ముహూర్తం రోజు పూజవి, భోజనాలవి, షూటింగు ఆఖరి రోజున గుమ్మడికాయ కొట్టినప్పటివి ఉన్నాయి. ప్రదర్శనకి అవన్నీ ఇస్తాను. పేరు గురించి ఇక నీకు రాయను.

మొన్న పేపర్లో పడిన మార్కండి ఫోటో కత్తిరించి పట్టుకుని ఆ ఊరు వెళ్ళాం. అందులో జాలర్లు ఎవరో తెలుసుకుందామని. గుడిసె ముందు చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె, పేరు నీలమ్మ, కాగితం లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. "ఓలమ్మో! ఇది మా ఆయన గాదేటి! అల్లదిగో, పడవ ముక్కట్టుకున్నాడు సూడు. మొకం కానరాపోయినా ఆ మెడ సూత్తే నాను పోల్చీగల్ను" అంది. తవిటయ్యట ఆయన పేరు, పక్కింటావిడ చెప్పింది. పోయి తొమ్మిదేళ్ళు. "ఇంట్లో ఓటు కార్డు మీద బొమ్మ తప్ప ఏటీ నేదమ్మా. అందులో దొంగోడి నాగున్నాడు" అని నవ్వింది, తర్వాత ఏడ్చింది. పెద్ద ప్రింటు వేయించి ఇస్తానని మాటిచ్చాను.

నిన్ను కూడా గుర్తుపెట్టుకుంది బావా. "బట్టల కొట్టోడి నాగ టేపట్టుకుని ఊరికే కొల్చీవోడు ఒకడుండీవోడు, ఆడున్నాడా?" అని అడిగింది.

అప్పుడే కీర్తికి ఒక ఆలోచన వచ్చింది. ప్రతి ఫోటో కింద లైట్లు పట్టినవాళ్ళ పేర్లు, ట్రాలీ తోసినవాళ్ళ పేర్లు, ఫోకస్ పట్టినవాళ్ళ పేర్లు రాద్దామని. ఫోకస్ గురించి చెప్పగలవాడివి నువ్వొక్కడివే మిగిలావు. ఆ సముద్రం షాటు నువ్వెలా పట్టావో నాన్న ఎప్పుడూ చెప్పేవాడు, నాకే గుర్తులేదు. అప్పుడు ఎక్కడ నిలబడ్డావు, ఏం చేశావు, పూసగుచ్చినట్టు రాయి. నీ దస్తూరీ ముత్యాల కోవ. నీ కాగితాన్ని ఉన్నదున్నట్టు అద్దం కట్టించి గోడకి పెడదామంటోంది.

వాసవి


గోపాల్‌పూర్
20 సెప్టెంబరు 2024

చిరంజీవి వాసవికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఫోకస్ గురించి నన్ను ఇంతవరకూ ఏ మనిషీ అడగలేదు. రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, మంచి కాగితం కొనుక్కుని మరీ.

1987 ఫిబ్రవరి. హీరోయిన్ పడవలో వెళ్ళిపోతూ ఒడ్డు వైపు ఒక్కసారి తిరిగి చూడాలి. కెమెరా కూడా నీళ్ళలోనే ఉండాలన్నాడు డైరెక్టరు. రెండు పడవలు కలిపి కట్టి, పైన బల్ల వేసి కెమెరా బిగించారు. బల్ల మీద కెమెరామాన్‌కి తప్ప చోటు లేదు. నేను దిగి నీళ్ళలో నిలబడ్డాను, కెమెరాకి ఎడమ పక్కన, ఛాతీ లోతున. ఎండకి తలకి తడి తువ్వాలు చుట్టుకున్నాను.

ఆమె పడవా ఊగుతుంది, మా పడవలూ ఊగుతాయి. టేపు పెట్టి కొలిచేలోపు దూరం మారిపోతుంది. కెమెరామాన్ చేతులెత్తేశాడు. మన బట్టల కొట్టులో గజంబద్ద పట్టిన బుర్ర నాది, అప్పుడు పని చేసింది. జాలరి తాడు ఒకటి అడిగి తీసుకుని, గజానికొక ముడి వేశాను. ఒక కొస ఆమె పడవకి కట్టించాను. మిగతా తాడు చుట్ట భుజాన వేసుకుని, నా పళ్ళ మధ్య నుంచి పోనిచ్చాను. కుడి చెయ్యి లెన్సు మీద, ఎడమ చెయ్యి బల్ల అంచు మీద. ఆమె పడవ దూరం జరుగుతుంటే తాడు నా నోట్లోంచి జారుతుంది. ఒక్కో ముడి పెదవికి తగిలినప్పుడల్లా లెన్సు ఒక గీత తిప్పాను. కళ్ళతో చూడలేదు వాసవీ, పెదవులతో కొలిచాను! స్టార్ట్ అన్నప్పటి నుంచి కట్ అనేదాకా ఆ చెయ్యి లెన్సు మీద నుంచి తియ్యలేదు. పెదవి కోసుకుపోయి ఉప్పునీళ్ళు మండుతున్నా తియ్యలేదు.

రిహార్సల్ లేదు. ఒక్కటే టేకు. కట్ అనగానే కెరటం కొట్టి బల్ల ఒరిగిపోయింది. జాలర్లు నలుగురు కెమెరాని ఎత్తి పట్టుకోకపోతే మునిగేది. ఆ తర్వాత మళ్ళీ కెమెరాని నీళ్ళలోకి దించనివ్వలేదు. మద్రాసులో తెర మీద చూస్తే ఆమె కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. కెమెరామాన్‌కి బహుమతి వచ్చింది. ఆయన నాకొక చొక్కా కొనిపెట్టాడు. నీలం గళ్ళది. భుజాల దగ్గర బిగుతు.

నలభై ఏళ్ళలో నేను పట్టిన షాటు ఒక్కటి కూడా మసకగా రాలేదు. ఈ మాట పెద్ద అక్షరాలతో రాయండి.

పూర్ణచంద్ర

ఈ చిన్న చీటీ అద్దంలో పెట్టకు, నీ కోసం. ఒడ్డుకి వచ్చాక మావయ్య తన కెమెరా నా చేతికిచ్చి, "ఆఖరిది ఒక్కటి మిగిలిందిరా పూర్ణా, నన్నొకటి తియ్యి" అన్నాడు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, తడిసి ముద్దయి, పగలబడి నవ్వుతున్నాడు. నేను పెదవి నెత్తురు తుడుచుకుంటూనే తీశాను. రోలుతో పాటు అదీ పోయింది పాపం.


లంజిపల్లి
11 నవంబరు 2024

బావా,

నీ కాగితం అందింది. కీర్తి, నేను గట్టిగా చదువుకున్నాం. ముడులు పెదవికి తగిలే చోట నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఇది మాత్రం నిజం.

నీ మోకాళ్ళ నొప్పులతో నిచ్చెనలెక్కి గోడలకి మేకులు కొట్టలేవు. హాలు అమర్చే పని మేమే చేస్తామని ధర్మలింగం గారితో మాట్లాడాం. నీ దగ్గరున్న ప్రింట్లు ఆయన చేతికివ్వు. డిసెంబరు 14 ఉదయం కారు పంపిస్తాను.

వాసవి


గోపాల్‌పూర్
25 నవంబరు 2024

వాసవీ,

ప్రింట్లు పంపించాను. పట్టు పంచె ఇస్త్రీ చేయించాను. ఫోటోలన్నీ కంటి ఎత్తులో పెట్టించు, మరీ పైన పెడితే దీపాల వెలుతురు అద్దం మీద పడుతుంది. గుమ్మం దగ్గర పేరు మాత్రం దూరం నుంచి కనబడేంత పెద్దదిగా ఉండాలి. ఇన్నాళ్ళ తర్వాత మనం ఒకటయ్యాం, పైనుంచి మావయ్య చూసి సంతోషిస్తాడు.

బావ


బరంపురం
14 డిసెంబరు 2024

బావా,

కారు మీ గుమ్మంలో ఉంటుంది. ఈ ఉత్తరం కీర్తి నీ చేతికిస్తుంది. చదివి, అప్పటికీ రావాలనిపిస్తే రా.

మార్కండి రోలు నా డబ్బాలోనే ఉంది. లేదని అబద్ధమాడాను.

జూన్‌లో ఫ్లెక్సీ ముందు నిలబడినప్పుడే చూశాను. కెమెరామాన్ రెండు చేతులూ కెమెరా వెనక ఉన్నాయి. అయినా లెన్సు మీద ఇంకో చెయ్యి ఉంది. మూడో చెయ్యి! దానికి మనిషి లేడు. కెమెరాకి ఎడమ పక్కంతా కత్తిరించేశావు. ఆ చెయ్యి కూడా కత్తిరిస్తే కెమెరా పోతుంది, అందుకని వదిలేశావు. ఎవరు గమనిస్తారులే అనుకున్నావు. నేను స్టిల్ ఫోటోగ్రాఫర్ కూతుర్ని.

డబ్బాలో పూర్తి నెగెటివ్ దొరికింది. అందులో మనిషి నిండుగా ఉన్నాడు. కానీ తలకి తువ్వాలు, నోట్లో ఏదో తాడు, మొహం సగమే. అది నేను కాదు, ఎవడో జాలరి అని నువ్వు తేలిగ్గా అనేయగలవు. ఆ మనిషి ఎవరో నీ చేతే రాయించాలనుకున్నాను. రాయించాను. తువ్వాలు రాశావు, తాడు రాశావు, ఎడమ పక్క అని రాశావు, కట్ అనేదాకా చెయ్యి తియ్యలేదని రాశావు, ఒక్కటే టేకని కూడా రాశావు. మరి ఆ టేకుని నీళ్ళలో ఎదురుగా నిలబడి ఫోటో తీసిందెవరు? చదివినవాళ్ళందరూ అదే అడుగుతారు. నీ చేతులు పడిపోవాలని తిట్టాను గుర్తుందా? పడిపోకపోవడమే మంచిదైంది.

హాల్లో ఎదురు గోడకి ఆ ఫోటో కత్తిరింపు లేకుండా నిలువెత్తున పెట్టాం. దాని కింద నీ ఉత్తరం అద్దంలో ఉంది, మాటిచ్చినట్టే. పక్కన నీ ఫ్లెక్సీ ముక్క. ధర్మలింగం గారు మూడూ చూసి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత పెయింటర్ని పిలిపించారు. గుమ్మం మీద పేరు పెద్దదిగానే ఉంది, ‘భీమేశ్వరరావు’ అని.

నీలమ్మ ఆ రోజు ఇంకో మాట అంది, నీకు రాయలేదు. "ఫోటో బాబు ఏడమ్మా? పీకల్లోతు నీట్లో కెమేరా నెత్తి మీదెట్టుకుని నిలబడిపోనాడు. కెరటమొత్తంది బాబూ, ఒడ్డుకి రా అంటే ఇన్నాడు కాడు. ఆ బాబు బొమ్మొకటి సూపించు" అంది. పని చేసే చోట తీసినది చూపించడానికి నా దగ్గర ఒక్కటీ లేదప్పటికి. ఇవాళ రిబ్బన్ కత్తిరించేది ఆవిడే.

నువ్వు రావాలి. ఊరందరి మధ్యా నిలబడి నీ దస్తూరీ నువ్వే చదువుకోవాలి. ఈ ఆర్నెల్లూ నన్ను నిలబెట్టింది ఆ ఒక్క కోరికే. దాచుకోను. పేరు దొంగిలించడానికి నువ్వు నీ జన్మలో చేసిన గొప్ప పనిలోంచి నిన్ను నువ్వే కత్తిరించుకున్నావు. నేను నిన్ను తిరిగి అతికించాను. ఫోటో కింద ‘ఫోకస్: పూర్ణచంద్ర’ అని కూడా రాయించాను. అది నీదే. మిగతావి నీవి కావు.

వాసవి


గోపాల్‌పూర్
20 డిసెంబరు 2024

వాసవికి,

ఆ రోజు కీర్తిని ఖాళీ కారుతో పంపేశాను. ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాను. ఇస్త్రీ పంచె తీసి మడతపెట్టి లోపల పెట్టాను. రెండు రోజులు నిన్ను తిట్టుకుంటూ పడుకున్నాను. నిన్న ఉండబట్టలేక మంకీ క్యాప్ పెట్టుకుని బస్సెక్కి వచ్చాను. నువ్వు అప్పుడు హాల్లో లేవు.

నన్నెవరూ గుర్తుపట్టలేదు. నా ఉత్తరం ముందు జనం గుమిగూడి చదువుతున్నారు. "దొంగ వెధవ" అన్నాడు ఒకాయన. ఆయన పక్కనున్న అమ్మాయి, "దొంగే గాని ఆ ముడుల తెలివి చూడండి" అంది. రెండూ నా గురించే. రెండూ విన్నాను, ఈ చెవులతోనే. సరే, నాకు తగిన శాస్తే. దాని గురించి నిన్నేమీ అడగను.

నేను అడిగేది మూల గోడ మీద ఉన్న మావయ్య చిన్న ఫోటో గురించి. అది బతికి ఉందని నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు. పక్కన మావయ్య పెన్సిల్ రాతతో పాత కవరు పెట్టావు. ‘36. పూర్ణ తీశాడు.’ రోల్లో ఆఖరిది. కింద కార్డు మీద అచ్చక్షరాలతో ‘ఛాయాచిత్రం: పూర్ణచంద్ర’. ఫోటో పూర్తిగా మసక. వెనకాల కెరటాలు స్పష్టంగా ఉన్నాయి, మనిషి లేడు, మనిషి ఆకారం ఉంది. కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు, "పెదవులతో ఫోకస్ పట్టినాయన ఇతనేనట" అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు.

దూరం చూసుకోకుండా తీసేశాను వాసవీ. జీవితంలో ఆ ఒక్కసారే దూరం చూసుకోలేదు. దొంగ అన్నారు, పడతాను. ఫోకస్ రాదు అంటే పడలేను. ఫోటో ఉంచు, నీ ఇష్టం. నా పేరొక్కటి తీసెయ్యి. కాళ్ళు పట్టుకుంటాను.

పూర్ణచంద్ర


లంజిపల్లి
26 డిసెంబరు 2024

బావా,

నీవి కాని వందల ఫోటోల మీద పేరు వేసుకున్నప్పుడు నీకు సిగ్గు వెయ్యలేదు. నీదైన ఒక్క ఫోటో మీద పేరు ఉంటే కాళ్ళు పట్టుకుంటానంటున్నావు.

కవరు మీద ఆ పేరు నేను రాసింది కాదు, నాన్న రాసింది. కడిగి ఆరబెట్టినప్పుడే మసకగా వచ్చిందని ఆయన చూసే ఉంటాడు. పారెయ్యలేదు. నీ పేరు రాసి, కాగితం కవర్లో పెట్టి, బియ్యంలో దాచాడు.

కీర్తి ఆ నెగెటివ్‌ని కంప్యూటర్‌లో నాలుగు రోజులు చూసింది. మసక పోదట. అందులో లేనిది ఎవరూ తేలేరట. ఆయన నవ్వుతున్నాడని నువ్వు రాశావు కాబట్టి నాకు తెలిసింది. నాకు అక్కడ నవ్వు కనిపించదు. నీలమ్మని తీసుకొచ్చి చూపిస్తే, "ఈ బాబేనా?" అని నన్నే అడిగింది.

పని చేసే చోట మా నాన్నకి ఉన్న ఒకే ఒక్క ఫోటో అది బావా. నువ్వు ఒక్క క్షణం ఆగి దూరం చూసుకుని ఉంటే ఆయన మొహం నాకు మిగిలేది. అందుకే నీ పేరు తియ్యను. ప్రదర్శన అయిపోయాక ఆ ఫోటో కార్డుతో సహా మా ఇంట్లో, గుమ్మంలోకి రాగానే కనబడే గోడకి పెడతాను. వచ్చినవాళ్ళు ఎవరు తీశారని అడుగుతారు, చెబుతాను.

మాట్లాడనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక రాయను కూడా.

వాసవీకుమారి